తండ్రి ఫారం నుంచి భర్త ఫారంలోకి

పోయిన సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఏమే, మా అమ్మాయికి ఏదైనా సంబంధం ఉంటే చెప్పవే. అబ్బాయి సిటిజన్ అయితే చాలు, మిగతావి సర్దుకుంటాం" అంది. నాకు నోట మాట రాలేదు. యూనివర్సిటీ రోజుల్లో వరకట్నానికి వ్యతిరేకంగా నాతోపాటు రాత్రుళ్ళు గోడల మీద నినాదాలు రాసిన మనిషి ఆమె. ఇరవై ఏళ్ళ నాలుగు నెలల పిల్లకి పెళ్ళి తొందరేమిటని అడిగాను. "ఇరవయ్యొకటి నిండితే పిల్ల మా అప్లికేషన్‌లోంచి పడిపోతుంది" అంది.

ఆ పడిపోవడం గురించే ఈ వ్యాసం.

ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడు గుంటూరు వదిలింది. తండ్రిది హెచ్-1బి వీసా. తల్లిదీ కూతురిదీ హెచ్-4, అంటే ఆయన మీద "ఆధారపడినవాళ్ళు". ఆయన గ్రీన్ కార్డు దరఖాస్తులోనూ వాళ్ళది అదే హోదా. అమెరికా వలస చట్టం దృష్టిలో "బిడ్డ" అంటే 21 ఏళ్ళు నిండని, పెళ్ళికాని మనిషి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లల్నీ అందులోనే లెక్కేస్తారు. ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతానికి మించి దక్కవు. అందుకే భారతీయుల క్యూ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది. క్యూ కదలకపోయినా పిల్ల వయసు మాత్రం ఆగదు కదా!

దీనికి విరుగుడని 2002 ఆగస్టులో ఒక చట్టం తెచ్చారు. యజమాని వేసిన పిటిషన్ ఆఫీసులో ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు పిల్ల వయసులోంచి తీసేస్తారు. ఆమోదం వచ్చాక క్యూలో గడిచిన సంవత్సరాలు మాత్రం తీసెయ్యరు. అంటే కాగితం ఎంత త్వరగా పాసయితే పిల్లకి అంత నష్టం! 2023లో ఈ లెక్కను కాస్త సడలించారు. 2025 ఆగస్టు నుంచి మళ్ళీ బిగించారు.

క్యూలో నిలబడిన ఏళ్ళయినా పిల్లలకి దక్కుతాయా అంటే అదీ లేదు. రోసాలీనా క్వెయార్ డి ఒసోరియో అనే ఎల్ సాల్వడార్ స్త్రీ కోసం 1998లో అమెరికా పౌరురాలైన ఆమె తల్లి దరఖాస్తు చేసింది. అప్పటికి రోసాలీనా కొడుక్కి పదమూడేళ్ళు. 2005లో ఆమె వంతు వచ్చేసరికి వాడికి ఇరవయ్యొకటి నిండింది. అలాంటివాళ్ళు మళ్ళీ క్యూ చివరికి వెళ్ళాల్సిందేనని 2014 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రధాన తీర్పు రాసింది ఎలీనా కేగన్. దాన్ని వ్యతిరేకిస్తూ రాసింది సోనియా సోటోమయోర్. న్యాయపీఠం మీద స్త్రీలు ఉన్నంత మాత్రాన న్యాయం జరిగిపోదని మనం ఎప్పుడూ అనుకునే మాటే.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు. ఇరవయ్యొకటేళ్ళ మనిషి తండ్రి మీద ఆధారపడటమేమిటి, సొంత కాళ్ళ మీద నిలబడాలని కదా స్త్రీవాదం చెప్పేది అని. నిజమే. కానీ ఆ కాళ్ళను ఇన్నాళ్ళూ కట్టేసింది ఎవరు? హెచ్-4 పిల్లలు ఉద్యోగం చెయ్యకూడదు. వేసవి సెలవుల్లో దుకాణంలో కూర్చుని నాలుగు డాలర్లు సంపాదించుకోకూడదు. 2015 మే నుంచి కొందరు భార్యలకి పని చేసుకునే అనుమతి వచ్చింది కానీ పిల్లలకి రాలేదు. పదహారేళ్ళు ఆధారపడి బతకమని శాసించి, ఒక పుట్టినరోజు నాడు "నువ్వు ఎవరి మీదా ఆధారపడిన మనిషివి కాదు, వెళ్ళు" అనడం స్వాతంత్ర్యం ఇవ్వడమా? ఉండాలంటే విద్యార్థి వీసాకి మారాలి. దానికి చదువయ్యాక స్వదేశం వెళ్ళిపోతానని చూపాలి. నాలుగేళ్ళప్పుడు వదిలిన దేశానికి!

మరో వింత చూడండి. కూతురి పరాధీనతకి గడువుంది, తల్లి పరాధీనతకి లేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటున్న నా స్నేహితురాలు ఉద్యోగం మానేసి వెళ్ళింది. భార్య ఎన్నేళ్ళయినా ఆధారపడి ఉండొచ్చు, చట్టానికి అభ్యంతరం లేదు. బిడ్డ విషయంలో ఆధారపడటం అంటే వయసు, పెళ్ళి మాత్రమే. ఎవరు ఎవరిని సాకుతున్నారన్నది దానికి అక్కర్లేదు. వైకల్యం వల్ల తల్లి చేతి ముద్ద మీదే బతికే బిడ్డకి ఇరవయ్యొకటి నిండినా అమెరికా నిర్వచనంలో మినహాయింపు లేదు. కెనడాలో ఉంది. ఆ కెనడా కూడా వయసు గీతని 2014లో 22 నుంచి 19కి దించి, 2017లో మళ్ళీ 22కి పెంచింది. ఇది ప్రకృతి గీసిన గీత కాదన్నమాట.

"పెళ్ళికాని" అన్న మాట రెండు దేశాల్లోనూ ఉంది. ఆడపిల్లంటే "ఆడ" పిల్లే, ఈడ పిల్ల కాదని మన పెద్దవాళ్ళు అంటే మండిపడ్డాం కదా, అదే మాట వాషింగ్టన్ చట్టంలో ఉంటే ఎందుకు మండదు? గ్రీన్ కార్డు వచ్చిన తండ్రి, పెద్దదైన కూతురి కోసం విడిగా పిటిషన్ వేశాడనుకోండి. ఆయన పౌరుడయ్యేలోపు ఆమె పెళ్ళి చేసుకుంటే ఆ పిటిషన్ రద్దు. ఆమె ఒక పౌరుణ్ణి పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆ క్యూ అక్కర్లేదు. అయితే పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే వచ్చేది షరతుల కార్డు. షరతు తొలగాలంటే మామూలుగా భర్త కూడా సంతకం పెట్టాలి. కొట్టే భర్తయితే మినహాయింపు ఉంది, కానీ రుజువు చేసుకోవాల్సిన భారం ఆమెదే.

చట్టం కొడుకులకీ ఇదే. కానీ కొడుకైతే ఏ కోర్సులో చేర్పించాలా అని ఆలోచిస్తాం, కూతురైతే ఏ సిటిజన్‌ని చూడాలా అని ఆలోచిస్తాం. చట్టం సగం తలుపు మూస్తే మిగతా సగం మనమే మూస్తున్నాం. డాలర్ల సంసారాల గురించి ఇన్ని కథలు రాసుకున్న మనం ఈ ఫారంలోని గడుల గురించి ఎందుకు రాయలేదు?

దరఖాస్తు వేసిన రోజునే పిల్ల వయసు లెక్క ఆగాలి. "పెళ్ళికాని" అన్న షరతు పోవాలి. అన్నిటికీ మించి, ఒకచోట పెరిగిన మనిషికి అక్కడ బతికిన ఏళ్ళే హక్కు కావాలి, తండ్రి ఉద్యోగమో భర్త పౌరసత్వమో కాదు. ఇలాంటి పిల్లల కోసం 2021లో అమెరికా చట్టసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

సంబంధం చూడనని నా స్నేహితురాలికి చెప్పేశాను. ఆమె కాసేపు మాట్లాడకుండా ఫోన్ కూతురి చేతికిచ్చింది. ఆ పిల్ల అడిగింది: "పిన్నీ, నాన్న ఫారంలోంచి తీసి ఇంకెవరి ఫారంలోనో పెడతారంట. నా పేరు మీద ఒక్క ఫారం కూడా ఉండదా?"

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నా దగ్గర దానికి జవాబు లేదు.