ఏరు దాటకముందే

'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య' అన్న సామెతను ఏటా మా పిల్లలకు చెబుతూ వుంటాను. కృతఘ్నుణ్ణి పట్టివ్వడానికి ఇంతకన్న మంచి మాట లేదని కూడా చెబుతాను. కాని మొన్నొకనాడు ఒక రేవులో రెండు గంటలు నిలబడి చూశాక, సామెత పాతబడిందేమోనన్న అనుమానం కలిగింది. సామెతలోని పెద్దమనిషి కనీసం ఏరు దాటేదాకా అయినా మర్యాద పాటించాడు గదా! మనం ఒడ్డున వుండగానే మల్లయ్యను బోడి మల్లయ్యను చేస్తున్నాము.

పాత ఆదిలాబాదు జిల్లా 2016లో నాలుగు జిల్లాలయింది. ఆ పాత జిల్లాకు తూర్పు అంచున ప్రాణహిత పారుతున్నది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. పటంలో అది రెండు రాష్ట్రాల సరిహద్దు. జనానికి మాత్రం అది పెళ్ళివారు దాటే ఏరు. అవతల సిరోంచ ప్రాంతంలోనూ తెలుగు మాట్లాడేవారు చాలామంది. పిల్లనిచ్చుకోవడం, తెచ్చుకోవడం తాతలనాటి నుంచీ వున్నదే. కొన్నిచోట్ల వంతెనలు వచ్చాయి. వంతెన దూరమైన పల్లెలకు నాటుపడవే దగ్గర దారి.

మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి అవతలి ఒడ్డున. మార్గశిర మాసం. వరద తీసినా నది నిండుగానే వున్నది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, వేమనపల్లి వైపు ఒక రేవుకు చేరాను.

రేవు అంటే పెద్ద కట్టడమేమీ కాదు. గట్టు నుంచి నీటిదాకా ఒక వాలు, దాని చివర ఒక పడవ, ఎక్కడానికి ఒక బల్ల. ఆ వాలు పదిమందిదీ గనుక ఎవరిదీ కాదని మన సిద్ధాంతం. ఒకాయన తన మోటారుసైకిలును సరిగ్గా వాలు మధ్యన నిలిపి, తాళం జేబులో వేసుకుని, టీ తాగడానికి వెళ్ళాడు. మరొకాయన నీటి అంచున ఆటో కడుగుతున్నాడు. ఆ నూనెనీళ్ళకు రెండు బారల దిగువన ఒక ఇల్లాలు బిందె ముంచుతున్నది. ఒక భక్తుడు పూజ నిర్మాల్యాన్ని గోదారమ్మ చెల్లెలికి సమర్పించుకున్నాడు, ప్లాస్టిక్ సంచీతో సహా. కొబ్బరిచిప్పలూ, పగిలిన సీసాపెంకులూ మోకాలిలోతు నీళ్ళలో దాగి వుండగా, చెప్పులు చేతబట్టుకుని దిగేవాళ్ళ అరికాళ్ళు వాటిని వెదికిపెడుతున్నాయి.

ఇంతలో అవతలి నుంచి పడవ వచ్చింది. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సులో కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకోవడం మనకు అలవాటే. పడవకు కిటికీలు లేవు గనుక ఒక మహాశయుడు తన చంటిపిల్లవాణ్ణే ముందు అందించి, 'ఇది మాది, ఇది మాది' అని బల్లలు గుర్తుపెట్టుకున్నాడు. ఇద్దరు యువకులు ఫోటో కోసం అంచుమీద నిలబడ్డారు. వాళ్ళను చూడటానికి మరో నలుగురు ఆ పక్కకే ఒరిగారు. పడవ కూడా వాళ్ళతోపాటు ఒరిగింది.

పడవాయన అరవై దాటిన మనిషి. గడ చేతబట్టుకుని, లెక్క చూసుకుని, "నలుగురు దిగాలె. గింత మందితోని పడవ తియ్య" అన్నాడు.

ఎవరూ కదలలేదు. "ముసలోడికి భయమెక్కువ" అని ఒకరన్నారు. "ఎక్కువ పైసలిస్తాం, పోనీ" అని ఇంకొకరన్నారు.

"నీళ్ళకు పైసలు ఎరుకలేదు బిడ్డా" అన్నాడాయన.

ఇప్పుడు నా మాట చెప్పాలి. నేను నది అందం చూస్తున్నాను. అంత శ్రద్ధగా ప్రకృతిని నేను ఎన్నడూ చూసి ఎరుగను. లోపల మాత్రం లెక్కలు వేస్తున్నాను. నేను ముందు వచ్చినవాణ్ణి. తెల్లబట్టలవాణ్ణి. ముహూర్తానికి పోవలసినవాణ్ణి. పైగా అధ్యాపకుణ్ణి. ఈ నాలుగు కారణాలూ దిగవలసిన నలుగురిలో నేను లేనని నాకు నచ్చజెప్పాయి.

చివరికి ఒక అవ్వ లేచింది. చంకలో మూట, చేతిలో కర్ర. "నేను దిగుత కొడుకా, మల్ల మతలబుకు వస్త" అన్నది. బల్లమీద ఆమె కాలు వణికింది. అది చూసి ఒక కుర్రవాడు చేయి అందించి తనూ దిగాడు. ఫోటోల యువకులిద్దరూ సిగ్గుపడి దిగారు. లెక్క సరిపోయింది. పడవ కదిలింది. నేను పెళ్ళివారింటికి చేరేసరికి ముహూర్తానికి ఇంకా గంటన్నర వున్నది!

ఆ గంటన్నరా నాకు వూపిరాడలేదు. ముప్ఫైమంది చదువుకున్నవాళ్ళూ, చదువుకోనివాళ్ళూ కూర్చున్న పడవలో, మర్యాద ఎవరికి తెలుసునంటే మూట మోసే అవ్వకు తెలుసు.

రేవు మర్యాదను మనం నాజూకు అనుకుంటున్నాము. అది నాజూకు కాదు, బరువు లెక్క. బరువైన వాళ్ళూ, సామానూ మధ్యన వుండాలి. కాలు అంచుమీద కాక పడవ నడుమ వేయాలి. ఎక్కినవాళ్ళు కూర్చోవాలి, ఎందుకంటే నిలబడిన మనిషి బరువు పైకి చేరి పడవ తేలికగా తూగుతుంది. ముందు దిగేవాళ్ళు దిగాలి, తర్వాత ఎక్కేవాళ్ళు ఎక్కాలి. ఇవన్నీ ఒడ్డున వుండగా చెబితే మర్యాదలు. నది నడుమ చెబితే ప్రాణసంకటాలు. పడవాయన మాట వినడానికి మనకున్న వ్యవధి పడవ కట్టు విప్పేదాకానే.

మన గోదావరి ఈ పాఠం చాలా ఖరీదుకు చెప్పింది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజున, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా పోయారు. వాళ్ళను తీసుకుపోయినది నీరు కాదు, ఒడ్డు. 2019 సెప్టెంబరు 15న, నది వరదమీద వుండగా, కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' మునిగి సుమారు యాభైమంది పోయారు. అది తోపులాట వల్ల వచ్చిన ప్రమాదం కాదు, నిజమే. కాని ఈ వేళ పడవ తీయాలా వద్దా, రక్షణ చొక్కా తొడుక్కోవాలా వద్దా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసిన చోటు రేవే. ఒడ్డుదాటిన తర్వాత ఆ ప్రశ్నలు వుండవు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. 1917 నాటి పడవల చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది. అయినా ప్రతి రేవు దగ్గరా ఒక జవానును నిలబెట్టడం ఏ ప్రభుత్వం వల్ల అవుతుంది? జవాను లేనిచోట కూడా పనిచేసేదాన్నే గదా మర్యాద అంటారు! మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. అమ్మలు ఇప్పటినుంచే పిల్లలకు ఒక్కమాట నేర్పితే చాలు: పడవాయన దిగమంటే దిగాలి.

ఇక నా బాకీ సంగతి. మర్నాడు తిరుగు ప్రయాణంలో అదే పడవ, అదే పెద్దాయన. "ఇద్దరు దిగాలె" అన్నాడు. నేను లేచి దిగాను. పెద్ద త్యాగం చేసినట్టు ఆయన ముఖంవంక చూశాను. ఆయన నావంక చూడనుకూడా లేదు. గడ ఒడ్డుకు ఆనించి, పడవను తోసుకుని వెళ్ళిపోయాడు. ఇసుకలో కూర్చుని, తిరిగి వచ్చేదాకా ఎదురుచూశాను. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం, "రా సారూ, నడుమ కూసో" అన్నాడు.

ఆ 'సారూ'లో నా ఉద్యోగానికి ఇచ్చిన గౌరవం ఏమీ లేదు. అందుకే నాకు అది నచ్చింది.