రాజాం దారి

మొన్న ఆదివారం టీవీలో ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. 1964 నాటి సినిమా. పది నిమిషాలు చూసి లేద్దామని కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు.

ఈ వయసులో లోపాలు బాగానే కనబడతాయి. కోట గోడ సెట్టు వేసిందని తెలిసిపోతుంది. ఫ్రెంచి దొర బుస్సీ తెలుగు మాట్లాడేస్తాడు. బొబ్బిలికి శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజుగా రాజనాల కనబడగానే ఇక ఆయనలో మంచి వెతికే పనుండదు. అయినా పాత సినిమా లోపాలు ఇంట్లో పెద్దవాళ్ల చాదస్తం లాంటివి. విసుక్కుంటూనే వింటాం.

పేరుకి యుద్ధమే గానీ అది ఒక ఇంటి కథ. చెల్లెలు మల్లమ్మగా భానుమతి, బావ రంగారాయుడుగా ఎన్టీఆర్, అన్న పాపారాయుడుగా ఎస్వీ రంగారావు.

మా అమ్మమ్మకు ఈ సినిమా ప్రాణం. అద్దె వీసీఆర్ తెచ్చినప్పుడల్లా ఇదే పెట్టమనేది. కానీ ముగింపు ఏనాడూ చూడలేదు. ఫిరంగులు మోగడం మొదలవగానే ‘పొయ్యి మీద పాలెట్టాను’ అని లేచిపోయేది. ఓసారి వెనకే వెళ్లాను. ఆరిన పొయ్యి ముందు పీట వేసుకుని, కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. ఆ వేళ పాపారాయుడు రాజాంలో ఉన్నాడంటారు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు బస్సెక్కితే గంట దారి.

చిన్నప్పుడు సినిమాలో పాపారాయుడు పగ తీర్చుకునే ఘట్టం కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లం. ఇప్పుడు ఆ పగ కంటికి ఆనడం లేదు. ఆలస్యమే కనబడుతోంది. సెలవు దొరక్కో, రైలు అందకో, సమయానికి చేరలేని ప్రయాణం ప్రతివాళ్ల బతుకులోనూ ఒకటుంటుంది. అమ్మమ్మ విషయంలో నాకూ ఉంది.

ఆవిడ ఎందుకు లేచిపోయేదో ఇన్నేళ్లకు అర్థమైనట్టుంది. ముగింపు చూడనివాళ్లకు పాపారాయుడు ఇంకా దారిలోనే ఉంటాడు. వచ్చేస్తాడనే అనుకోవచ్చు.

మొన్న కూడా ఫిరంగులు మొదలయ్యాయి. కాఫీ పెట్టుకొస్తానని లేచాను. పాలు పొయ్యి మీద పెట్టి, సన్నని సెగ మీద అవి పొంగేదాకా అక్కడే నిలబడ్డాను.