నీళ్ళు నిండుగా ఉంటే చాలదు

"ఈ ఎడారిలో మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకండీ, నీళ్ళు చాలవూ?" అని దోహాలో నాతో పనిచేసే కుర్రాళ్ళు అడుగుతుంటారు. వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఒక వేసవిలో మా వర్క్‌షాపుకి ఓ క్యాంపు జనరేటర్ వచ్చింది. ఇంజనాయిల్ పాలు కలిపిన టీలా ఉంది. లైనర్ బయటికి తీస్తే, వెలుపలి వైపు సూదితో పొడిచినట్టు వరసగా గుంటలు. ఒకటి ఆరపార పడింది. అందులోంచే కూలెంట్ ఆయిల్లోకి దిగింది. దాన్ని చూసుకునేది నిజామాబాద్ కుర్రాడు. 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసి అతని జీతం కోశారు. నిజానికి అతను రేడియేటర్‌లో నీళ్ళు ఒక్కరోజు కూడా తగ్గనివ్వలేదు. కొంప ముంచింది ఆ నీళ్ళే!

ఎలాగంటే, పెద్ద డీజిల్ ఇంజన్లు చాలావాటిలో లైనర్ చుట్టూ నేరుగా కూలెంటే ఉంటుంది. పిస్టన్ తాకిడికి లైనర్ అదురుతుంది. ఆ అదురుకి కూలెంట్‌లో సన్నటి బుడగలు పుట్టి, లైనర్ మీదే పగిలి, ఇనుమును కొరికేస్తాయి. కూలెంట్‌లో కలిపే నైట్రైట్ లైనర్ మీద పల్చని పొరలా ఏర్పడి ఆ దెబ్బలు కాస్తుంది. వాడేకొద్దీ నైట్రైట్ ఖర్చవుతుంది. ఉత్త నీళ్ళు పోసినప్పుడల్లా ఇంకా పల్చబడుతుంది. ఖతార్‌లో కుళాయి నీళ్ళు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే అయినా, తాగడానికి వీలుగా మళ్ళీ ఖనిజాలు కలుపుతారు. కాబట్టి వాటిని డిస్టిల్డ్ వాటర్ అనుకోకూడదు.

ఎంత మిగిలిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చల్లారిన ఇంజన్ నుంచి కాస్త కూలెంట్ తీసి, పరీక్ష కాగితం ముంచి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి, రంగు పోల్చుకోవాలి. తగ్గితే ఎడిటివ్ కలపాలి, సరిపోతే వదిలెయ్యాలి. చూడకుండా పోయడం, రుచి చూడకుండా పప్పులో మళ్ళీ ఉప్పు వెయ్యడం లాంటిదే. ఎక్కువైతే మడ్డి కట్టి రేడియేటర్ పూడుతుంది, వాటర్ పంప్ సీలు పాడవుతుంది. ఇంకోమాట: కొన్ని కొత్తరకం కూలెంట్లలో నైట్రైట్ ఉండనే ఉండదు. వాటికి ఈ కాగితం పనికిరాదు, ఈ ఎడిటివ్ కలపకూడదు. రంగు చూసి మోసపోకుండా డబ్బా మీద చదవండి.

సాధారణంగా 250 గంటలకోసారి, ఆయిల్ మార్చేటప్పుడు చూడమంటారు. రాత్రింబవళ్ళు తిరిగే జనరేటర్‌కి 250 గంటలంటే పదకొండు రోజులు కూడా కాదు. 2021 నుంచి ఇక్కడ జూన్ 1 - సెప్టెంబర్ 15 మధ్య, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని నిషేధం. జనరేటర్‌కి ఆ సెలవు కూడా లేదు.

నేననేది ఒక్కటే. పరీక్ష కాగితాల డబ్బా సూపర్‌వైజర్ బీరువాలో ఉంటే లాభం లేదు. నీళ్ళు పోసేవాడి చేతికే ఇవ్వాలి, ఎలా చూడాలో నేర్పాలి, పోసిన ప్రతి లీటరూ పుస్తకంలో రాయించాలి. ఇవేవీ చెయ్యకుండా ఇంజన్ పోయాక అతని జీతం కొయ్యడం న్యాయం కాదు.

మీ సైటులో ఆ డబ్బా ఎవరి దగ్గరుందో రేపు ఓసారి అడగండి. దాని గడువు తేదీ కూడా చూడండి.