అవతలివాళ్ల సభలో

శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి చుట్టూ తిరిగితే రాళ్ల మీద చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. తూర్పు గాంగుల నాటి శాసనాలవి. వంశధార ఎడమ గట్టు మీది ఈ ఊరే అప్పటి కళింగనగరమని చరిత్రకారులు చెప్పడానికి ఆ రాళ్లు సాక్ష్యం. ఈ క్షేత్రానికి దగ్గర్లోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, శాసన లిపి తనంతట తాను నేర్చుకుని ఈ గుడుల శాసనాలు చదివారు. రాతలో ఏముందో చూపించాకే మాట్లాడాలన్న పట్టుదల ఆయనకు ఈ రాళ్ల దగ్గరే అలవడి ఉంటుందని మాకనిపిస్తుంది.

వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పని అందరికీ తెలుసు. ఆయన పోట్లాడిన తీరు గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మన జిల్లాల్లో మైకుల్లోంచి చెవిన పడే మాటలు వింటుంటే, ఆ తీరు గురించే రాయాలనిపించింది.

గిడుగు మెత్తని మనిషేమీ కాదు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి గ్రాంథికం వైపు నిలబడ్డారు. అప్పటినుంచి ఏళ్ల తరబడి పత్రికల్లో, సభల్లో, ప్రభుత్వ కమిటీల ముందు ఆయన వాదిస్తూనే ఉన్నారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని ఒక పుస్తకానికి పేరు పెట్టారంటే ఆ కలంలో ఎంత కారముందో తెలుస్తుంది. అయితే ఆ కారమంతా అవతలివాళ్ల రాతల మీదే చల్లారు. గ్రాంథికమే రాయాలని శాసించిన పండితులు తాము అచ్చు వేసుకున్న పుస్తకాల్లోనే వ్యాకరణం ఎక్కడెక్కడ తప్పారో ఏరి చూపించారు. ఎదుటివాడి పుస్తకాన్ని ఎదుటివాడికన్నా శ్రద్ధగా చదివితే తప్ప ఆ పని చేతకాదు. ఆ వాదం గెలవడానికి ఎవరి ఇంట్లోకీ తొంగిచూడవలసిన అవసరం ఆయనకు రాలేదు.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగం పంతులు అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి. గ్రాంథికంలో అన్ని పుస్తకాలు రాసిన వీరేశలింగం చివరి రోజుల్లో ఈ వైపు వచ్చారు. 1924లో కాకినాడలో ఆ సాహిత్య పరిషత్తే వ్యావహారికం మీద నిషేధం ఎత్తేసింది. మరుసటి ఏడు తణుకులో జరిగిన పరిషత్తు సభలో గిడుగు నాలుగు గంటలసేపు ప్రయోగాలు చూపిస్తూ మాట్లాడారు. ఆ సభ ఆయనది కాదు, అవతలివాళ్లది. వాళ్లు కూర్చుని విన్నారు. ఈయన వెళ్లి నిలబడి చెప్పారు. వందేళ్ల కిందట తెలుగువాళ్లు ఇంత గట్టిగా తగువుపడి కూడా ఇలా ఉండగలిగారు.

ఇప్పటి మన శాసనసభ సంగతి చూడండి. తన భార్య ప్రస్తావన తెచ్చారంటూ 2021 నవంబరు 19న అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు సభ వదిలి వెళ్లిపోయారు. ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని శపథం చేశారు. విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. 2024 జూన్‌లో తిరిగొచ్చారు. ఆ ఎన్నికల్లో 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వాలంటూ సభకు దూరంగా ఉండిపోయింది. ఎవరి కారణాలు వారికున్నాయి. కానీ ముఖాముఖి మాట్లాడుకోవలసిన ఒక్క చోటు అయిదేళ్లకోమారు ఒక పక్క ఖాళీ అవుతుంటే, మిగిలేది ఎదుటివాడు లేని బహిరంగ సభే. అక్కడ జవాబు చెప్పేవాడు ఉండడు. అందుకే అక్కడ నోరు జారుతుంది.

జారిన నోరు ఎంతదాకా వెళ్తుందో 2021 అక్టోబరులో చూశాం. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డిని ఉద్దేశించి తెలుగుదేశం ప్రతినిధి వాడిన ఒక తిట్టు తర్వాత, 19వ తేదీన మంగళగిరిలోని ఆ పార్టీ కార్యాలయం మీద దాడి జరిగింది. తిట్టిందీ తప్పే. కొట్టిందీ తప్పే, అందులోనూ పెద్ద తప్పు. 2024 ఏప్రిల్ 13న విజయవాడ ప్రచారంలో జగన్మోహన్ రెడ్డి నుదుటికి రాయి తగిలింది. మే 13 పోలింగు నాడు, ఆ తర్వాత పల్నాడు, తాడిపత్రి, తిరుపతి ప్రాంతాల్లో జరిగిన గొడవలకు ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శినీ డీజీపీనీ ఢిల్లీ పిలిపించింది. ప్రభుత్వం మారాక సోషల్ మీడియా రాతల మీద కేసులు, అరెస్టులు సాగాయి. అంతకుముందు ప్రభుత్వంలోనూ అవి ఉన్నవే. అధికారం మారితే కేసు పెట్టేవాళ్లూ పెట్టించుకునేవాళ్లూ తారుమారవుతున్నారు, అంతే.

ఉత్తరాంధ్ర శాంతంగా ఉంటుందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కొంత నిజమే. కానీ 2020 డిసెంబరు చివర రామతీర్థం కొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు ఏం జరిగింది? 2021 జనవరి 2న ఈ రెండు పార్టీల నాయకులూ ఒకే రోజు కొండకు బయల్దేరారు. రెండు గుంపులు కింద తిట్టుకున్నాయి, తోసుకున్నాయి. ఏడాది తిరక్కుండా ఆ గుడి పునర్నిర్మాణ శంకుస్థాపన శిలాఫలకం దగ్గర మళ్లీ తోపులాట. నొచ్చుకున్న భక్తుడి గోడు ఆ రెండు నినాదాల మధ్య ఎవరికీ వినబడలేదు.

2021 ఫిబ్రవరిలోనే పంచాయతీ ఎన్నికలు. చట్టం ప్రకారం అవి పార్టీ గుర్తుల్లేని ఎన్నికలు. కోటబొమ్మాళి మండలం నిమ్మాడలో అచ్చెన్నాయుడి సొంత బంధువే ప్రత్యర్థి పార్టీ మద్దతుతో సర్పంచి నామినేషనుకు దిగారు. ఆయన్ను బెదిరించారన్న ఆరోపణ మీద, అప్పటి తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్షుడైన అచ్చెన్నాయుడు ఫిబ్రవరి 2న అరెస్టయ్యారు. ఆ ఆరోపణలో నిజానిజాలు తేల్చేది కోర్టు. మమ్మల్ని కలతపెట్టింది వేరే. ఊరి మంచినీళ్లూ వీధిదీపాలూ చూసుకునే పదవి కోసం ఒకే ఇంటిపేరు వాళ్ల మధ్య రాష్ట్రమంత రాజకీయం వచ్చి కూర్చుంది.

శ్రీముఖలింగం నరసన్నపేట నియోజకవర్గంలోది. 2012 ఉప ఎన్నికలో ఇక్కడ ధర్మాన కృష్ణదాస్, ధర్మాన రామదాస్ అన్నదమ్ములే తలపడ్డారు. కృష్ణదాస్ గెలిచారు. అప్పటికి కాంగ్రెస్‌లో ఉన్న మరో సోదరుడు ప్రసాదరావు తర్వాత కృష్ణదాస్ పార్టీలోకే వచ్చారు. ఇందులో తప్పేమీ లేదు, కుటుంబం కలవడం మంచిదే. మేమడిగేది ఒక్కటే: అప్పుడు వాళ్ల కోసం ఊళ్లలో మాట్లాడుకోవడం మానేసిన జనం మళ్లీ కలిశారా? నాయకులు పార్టీ మారితే కండువా మారుతుంది. వాళ్ల వెనక కొట్టుకున్న కుర్రాడి కేసు మారదు. పొలం పని మానుకుని వాయిదాలకు తిరిగేది వాడే.

ఊళ్లో దీని రూపం చిన్నది, బాధ పెద్దది. ‘ఏరా బావా’ అని పిలుచుకున్నవాళ్లు ఎదురుపడి తల తిప్పుకుంటారు. పెళ్లి శుభలేఖ వీధి దాటదు. అమ్మవారి సంబరానికి చందా రెండు చోట్ల వసూలవుతుంది. నాట్లకు మనుషుల్ని పిలవాలన్నా పార్టీ చూసి పిలుస్తారు. శివరాత్రి వెళ్లాక శ్రీముఖలింగం చక్రతీర్థానికి ఒడిశా నుంచి కూడా జనం వచ్చి వంశధారలో కలిసి మునుగుతారు. ఆ స్నానానికి వచ్చిన పరాయి ఊరివాణ్ణి పలకరించినంత తేలిగ్గా పక్కింటివాణ్ణి పలకరించలేకపోవడం మన కాలపు దుఃఖం.

పోట్లాడుకోవడానికి నిజమైన విషయాలు లేవా? ఆ వంశధార గురించే అడగొచ్చు. నేరడి బ్యారేజీ కోసం ఒడిశాతో దశాబ్దాల తగువు. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది, బ్యారేజీ మాత్రం లేవలేదు. హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లు పోగొట్టుకున్న నిర్వాసితులున్నారు. బతుకుతెరువుకు హైదరాబాదు, చెన్నై వెళ్లిపోతున్న కుర్రాళ్లున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉంది. వీటి మీద ఎంత గట్టిగా నిలదీసినా తక్కువే. ఎన్ని గంటలు మాట్లాడినా వింటాం.

నియమాలూ చట్టమూ ఇంతకుమించి అడగలేదు. 1960లో కేరళలో మొదలైన ఎన్నికల ప్రవర్తనా నియమావళి, విమర్శ విధానాలకూ కార్యక్రమాలకూ చేసిన పనికీ పరిమితం కావాలనీ, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత బతుకు జోలికి పోవద్దనీ చెబుతుంది. ఎవరి ఇంటి ముందూ ధర్నా చేయొద్దంటుంది. అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద తెలిసీ అబద్ధం ప్రచురించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను కింద అవినీతికర చర్య. 2024లో తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్‌ను అభ్యంతరకరమైన మాటలన్నందుకు ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది. అయితే ఆయన ఆ మాటలన్నది ఏప్రిల్ 5న, ఉత్తర్వు వచ్చింది మే 1న. ఈలోగా ఆ మాట ఎన్ని ఫోన్లలో తిరిగిందో!

కాబట్టి అడగవలసినవాళ్లను మేం దగ్గర్లోనే వెతుకుతున్నాం. ప్రచార రథాల మీద మోగే పాటలు ఎవరు రాస్తున్నారు? నాయకుడి చేతికి అందే ప్రసంగం కాగితం ఎవరిది? వీడియోల కింద ప్రాసతో అచ్చమైన తెలుగులో తిట్టేది ఎవరు? చాలావరకు మనవాళ్లే. కథలు రాసేవాళ్లు, జానపద బాణీలు తెలిసినవాళ్లు, ఈ పత్రికకు కవితలు పంపేవాళ్లు. డబ్బు అవసరం మాకు తెలుసు. పార్టీ మీద అభిమానమూ తప్పు కాదు, ఉండాలి కూడా. పాట రాయండి, ప్రత్యర్థి పాలనను చీల్చి చెండాడండి, లెక్కలు తీసి అడగండి. తల్లి పేరో, భార్య పేరో, పుట్టుకో, కులమో, ఒంటి అవిటితనమో చరణంలోకి తెమ్మంటే మాత్రం కలం కింద పెట్టేయండి.

2021లో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల గడువు 2026 దాకానే. సర్పంచి అభ్యర్థులందరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి, ఊరి నీళ్ల గురించీ దారుల గురించీ ఊరివాళ్లే ప్రశ్నలడిగే సభ ఏ ఊళ్లో పెట్టినా మాకు కబురు చేయండి. అక్కడ అభ్యర్థులు చెప్పిన జవాబులన్నీ, ఏ పార్టీవైనా, ఒక్క మాట కోత లేకుండా ఈ పత్రికలో అచ్చు వేస్తాం.