జూలో ఇంకో ఏనుగు వద్దు!

2025 సెప్టెంబరు 17న ఢిల్లీ జూలో ఏనుగు శంకర్ పోయాడు. వయసు 29 ఏళ్లు. చావుకు కారణం ఎలుకల ద్వారా సోకే వైరస్ అని తర్వాత తేల్చారు. రోగం సంగతి తేలింది. మరి ఆ ఆఫ్రికా ఏనుగు సుమారు రెండు దశాబ్దాలు తన జాతి ప్రాణి మొహం చూడకుండా బతికిందే, దానికి ఎవరు జవాబు చెబుతారు?

1998లో జింబాబ్వే కానుకగా వచ్చాడు. మాజీ రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ పేరే పెట్టారు. తోడుగా వచ్చిన ఆడ ఏనుగు కొన్నేళ్లకే చనిపోయింది. ఆసియా ఏనుగులతో కలపబోతే కుదరలేదు. 2012లో వేరే ఆవరణలోకి మార్చాక మరీ ఒంటరైపోయాడు. ఏనుగును ఆరు నెలలకు మించి ఒంటరిగా ఉంచకూడదని 2009 నాటి కేంద్ర నిబంధన. ఆరు నెలలు! దేశ రాజధానిలో, ఆ నిబంధన రాసిన ప్రభుత్వం సొంత జూలోనే దాన్ని ఏళ్ల తరబడి తుంగలో తొక్కారు. శంకర్‌ను విడిపించమని హైకోర్టుకు వెళ్తే అక్కడా పని జరగలేదు. 2024లో ప్రపంచ జూల సంఘం ఢిల్లీ జూ సభ్యత్వాన్ని సస్పెండ్ చేస్తే గానీ అధికారుల్లో కదలిక రాలేదు. వచ్చిన కదలికైనా ఏమిటి? ఆఫ్రికా నుంచి ఇంకో ఏనుగును తెచ్చి జత కడదామని! ఒక ఖైదీ బాధ తీర్చడానికి రెండో ఖైదీ.

అదే 2009 నవంబరులో సెంట్రల్ జూ అథారిటీ జూలలో, సర్కసుల్లో ఉన్న ఏనుగులన్నిటినీ అడవి అంచు శిబిరాలకు, అభయారణ్యాలకు తరలించమంది. అప్పటి లెక్కలో 26 జూలు, 16 సర్కసులు, 140 ఏనుగులు. పదహారేళ్లు గడిచాయి. మన హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో ఇంకా ఏనుగుల్ని చూసి రావచ్చు, టికెట్ కొనుక్కుని.

ఏనుగుల్ని కానుకలుగా పంచడం పాలకులకు పాత అలవాటు. 1949లో నెహ్రూ ఇందిర అనే ఏనుగును టోక్యోకు పంపాడు. 1985లో శ్రీలంక కావన్ అనే ఏనుగును పాకిస్తాన్‌కిచ్చింది. తోడు ఏనుగు 2012లో చనిపోయాక కావన్ కూడా శంకర్‌లాగే ఒంటరైపోయి, గోడకు తల ఆనించి నిలబడ్డాడు. 2020లో ఇస్లామాబాద్ హైకోర్టు ఆదేశిస్తే అతన్ని విమానంలో కంబోడియా పంపారు. ఆ జూనే మూసేశారు. పొద్దస్తమానం పాకిస్తాన్‌తో పోల్చుకునే మనవాళ్లకు ఈ ఒక్క పోలిక మాత్రం గుర్తు రాదు.

ఇక జూలలో ఏనుగులు సుఖంగా ఉంటాయనే వాళ్లు ఈ లెక్క చూడండి. 2008లో సైన్స్ పత్రికలో అచ్చయిన పరిశోధన ప్రకారం యూరప్ జూలలో పుట్టిన ఆసియా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 18.9 ఏళ్లు. బర్మా అడవుల్లో దుంగలు లాగే ఏనుగులకు 41.7. గొడ్డుచాకిరీ చేసే ఏనుగు, వైద్యుడూ మేతా అమరిన జూ ఏనుగు కంటే రెట్టింపుకు పైగా బతుకుతోంది! రోజంతా కిలోమీటర్ల కొద్దీ నడవాల్సిన జంతువును గట్టినేల మీద నిలబెడితే పాదాలు కుళ్లుతాయి, కీళ్లు పట్టేస్తాయి. ఇదేం రహస్యం కాదు. జూ వైద్యులకు అందరికంటే బాగా తెలుసు.

పిల్లలు ఏనుగును ఎక్కడ చూస్తారంటారా? డైనోసార్లను ఎక్కడ చూశారో అక్కడే. జాతి సంరక్షణ అంటారా? ఒంటరి మగ ఏనుగు ఏ జాతిని కాపాడుతుందో ముందు వాళ్లే చెప్పాలి.

డెట్రాయిట్ జూ తన ఏనుగుల్ని 2005లో తనంత తానే కాలిఫోర్నియా అభయారణ్యానికి పంపింది. టొరంటో 2013లో పంపింది. అదే 2013లో మన దేశం డాల్ఫిన్ ప్రదర్శనశాలలు వద్దని తేల్చేసింది. డాల్ఫిన్‌కు వర్తించిన బుద్ధి ఏనుగు దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది?

చోటు లేదని మాత్రం అనకండి. 2025 మేలో కర్ణాటక నుంచి ఆంధ్రప్రదేశ్‌కు కుంకీ (శిక్షణ పొందిన) ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర వాటికి శిబిరం ఉంది. శిబిరమంటే స్వర్గం కాదు, అక్కడా గొలుసులుంటాయి, వాటి మీదా పోట్లాడాలి. కానీ పక్కన అడవి ఉంటుంది, తోటి ఏనుగులుంటాయి.

మా డిమాండ్లు: దేశంలో ఏ జూకూ ఇక ఏనుగును తేకూడదు, ఇవ్వకూడదు. కానుకలు మొదట ఆపాలి. ఒంటరిగా ఉన్నవాటిని ఆరు నెలల్లో కదిలించాలి. మిగతావాటికి తరలింపు తేదీలతో సహా పట్టిక ప్రకటించాలి. మావటీల ఉద్యోగాలు ఏనుగులతోపాటే వెళ్లాలి. 2009 ఉత్తర్వు ఎందుకు అమలు కాలేదని జూపార్కు క్యూరేటర్‌కు, రెండు తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు.