పరీక్ష ఫిరీనే.. పడిగాపుల ఖర్చెవలు పెట్టుకోవాలె?

సర్కారు దవాఖానల ముచ్చటొస్తే మనం ఎప్పుడూ ఒక్కటే అడుగుతం. మందులు ఫిరీనా, పరీక్షలు ఫిరీనా అని. పసిపిల్లల మెదడు పరీక్షల కాడికొస్తే ఈ ఒక్క సవాలు సాలది. ఆ పరీక్ష ఎన్నొద్దులకైతది? అన్నొద్దులు తల్లిదండ్రులు ఏడ పండాలె, ఏం తినాలె? ఇది సుత అడగాలె.

ఆదిలాబాద్ దిక్కు ఓ కూలి కుటుంబం అనుకోండ్రి. ఆరేడు నెలల బిడ్డ. నిద్ర లేవంగనే తల ముందుకు వంచి, చేతులు చాపి ఉలిక్కిపడుతది. ఒక్కసారి కాదు, వరుసపెట్టి మస్తుసార్లు. ఇంట్లోళ్లు కడుపునొప్పి అనుకుంటరు, లేకుంటె గాలి సోకిందని దిష్టి తీస్తరు. ఇది ‘ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్’ అనే మూర్ఛ కావచ్చు. ఎక్కువగ మొదటి ఏడాదిలనే మొదలైతది. ఎంత జల్ది మందు పడితే బిడ్డ ఎదుగుదలకు అంత మంచిది. ఆలస్యమైతే అప్పటిదాంక నేర్చిన నవ్వు, చూపు సుత ఎన్కకు పోవచ్చు. దీనికి వాడే మందుల్ల ప్రెడ్నిసొలోన్ గోలీ ఒకటి. అదేం పిరమైన మందు కాదు. పిరమైంది ఆ రోగం పేరు తెలిసేదాంక నడిచే తొవ్వ.

ఆ తొవ్వల మొదటిది ఈఈజీ. నెత్తికి వైర్లు అతికించి మెదడుల కరెంటు ఎట్ల నడుస్తున్నదో చూస్తరు. సుయ్యి లేదు, నొప్పి లేదు. కాని బిడ్డ నిద్రవోవాలె. అందుకే రాత్రి ఎక్కువసేపు మెల్కతోనే ఉంచుమంటరు, నెత్తికి నూనె పెట్టొద్దంటరు. దవాఖాన వరండాల చాప మీద ఏడిసే పిల్లను రాత్రంత మెల్కతోని ఉంచుడు ఆ తల్లికి ఎంత కష్టమో ఆలోచించుండ్రి. రెండోది ఎంఆర్ఐ. పసిపిల్ల కదలకుంట పండది కావట్టి మత్తు ఇయ్యాలె. దానికి కొన్ని గంటలు కడుపు మాడ్చాలె, మత్తు డాక్టరు ఉండాలె. ఆ పొద్దుకు పిల్లకు జలుబో, జరమో వచ్చిందంటె తారీకు మళ్ల మారుతది.

తారీకు మారినప్పుడల్ల రెండు కూలీలు పోతయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. పోయి మళ్ల వచ్చుడు అయ్యే పని కాదు. ఇంటికాడ ఇంకో పిల్ల ముసలమ్మ చేతుల ఉంటది. పరీక్షకు పైస తీసుకోకున్నా అప్పు ఇట్ల పుడుతది. కొందరు నడుమల్నే తిరిగి పోతరు. రికార్డుల అది ‘రాలేదు’ అని పడుతది. వాళ్లు ఎందుకు రాలేకపోయిన్రో ఎవలూ రాయరు.

2023 డిసెంబర్ల ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిన్రు. మంచి పనే. కాని ఆరోగ్యశ్రీ నడిచేది ప్యాకేజీల లెక్కన. రోగం పేరు తేలినంక అది అక్కరకొస్తది. పేరు తేలకముందు పడే తిప్పలకు, పోయిన కూలికి అండ్ల ప్యాకేజీ లేదు.

కొత్త పథకం ఏం అక్కర్లేదు, ఉన్నదాన్నే నడిపియ్యాలె. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లనే మొదలైంది. అంగన్‌వాడీల, బడుల పిల్లలను చూసి, ఎదుగుదల తక్కువున్నోళ్లను జిల్లా కేంద్రానికి పంపాలెనని దాంట్లనే ఉన్నది. అది చూడాల్సిన జబ్బుల జాబితాల మూర్ఛ సుత ఉన్నది. జిల్లాకో సర్కారు మెడికల్ కాలేజీ అని గొప్పగ చెప్పుకుంటున్నం. ఆ కాలేజీ దవాఖానల ఒక ఈఈజీ మిషను, దాన్ని నడిపే టెక్నీషియన్ ఉంటె సగం తొవ్వ తగ్గుతది. రికార్డును హైదరాబాద్ న్యూరాలజిస్టుకు కంప్యూటర్ల పంపొచ్చు. పోవాల్సింది ఫైలు, పసిపిల్ల కాదు. పక్కన కర్ణాటక నిమ్హాన్స్ తోడుతోని జిల్లా దవాఖానల్ల బ్రెయిన్ హెల్త్ క్లినిక్‌లు పెట్టింది. మనకెందుకు చేతగాదు?

మందు సరిగ్గ అందితే మూర్ఛ ఉన్నోళ్లల్ల 70 శాతం మంది ఫిట్స్ లేకుంట బతుకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. ఐదేండ్లు నిండేసరికి మెదడు పెద్దోళ్ల సైజుల దాదాపు 90 శాతానికి చేరుతది. మూడు నెలల వాయిదా అంటె పెద్దోళ్లకు మూడు నెలలే. ఆరు నెలల పిల్లకు అది బతికిన బతుకుల సగం.

తల్లిదండ్రులు చేసేది సుత ఒకటున్నది. పిల్ల అట్ల చేసేటప్పుడు ఫోన్ల వీడియో తీయుండ్రి, డాక్టరుకు సగం సంగతి అండ్లనే తెలుస్తది. ఫిట్స్ వస్తే తాళంచెవి చేతుల పెట్టొద్దు. పక్కకు పండవెట్టుండ్రి, నోట్ల ఏం పెట్టకుండ్రి. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు ఉరుకుండ్రి.

ఇగ సర్కారు చేసేది: జిల్లాల ఈఈజీ, పెద్ద దవాఖానల కాడ పిల్లల తల్లిదండ్రులకు పండేతందుకు జాగ, రెండు పూటల బువ్వ, బస్సు కిరాయి. ఎమ్మెల్యే మీ ఊరికొచ్చినప్పుడు మన జిల్లాల పసిపిల్లకు ఈఈజీ ఎన్నొద్దులకైతదని అడుగుండ్రి. జవాబు లెక్కల చెప్పుమనుండ్రి.