రాతిలో చిక్కిన చమురు

మనదేశమున వినియోగమగు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. ఎక్కడనో యుద్ధము రగిలినచో నిచ్చట బాడుగబండి కూలి మొదలు రైతు యింజనుఖర్చు వఱకు నన్నియు పెరుగునను భయము తప్పదు. 1901 లోనే దిగ్బాయిలో చమురును శుద్ధిచేసిన దేశమునకీ పరాధీనత యెంతకాలము?

క్రొత్త క్షేత్రములను వెదకుట యవసరమే. కాని యిదివఱకే త్రవ్విన బావుల మాట యేమి? చమురు భూగర్భమున చెఱువువలె నిలిచియుండునని యనేకులు తలంతురు. అది నిజము కాదు. రాతిలోని సన్నని రంధ్రములలో, స్పంజిలో నీరువలె, అది యిమిడియుండును. మొదట భూమిలోని యొత్తిడిచేతను, పిమ్మట నీటిని పంపి త్రోయుటచేతను కొంత పైకి వచ్చును. లోకమున సగటున మూడింట రెండుపాళ్లు రాతిలోనే నిలిచిపోవుచున్నది. రంధ్రముల యిఱుకుదారులలో చమురుబొట్లను కేశాకర్షణము బిగించి పట్టుకొనుట యిందులకు ముఖ్యకారణములలో నొకటి.

ఈ పట్టును సడలించుటకు శాస్త్రజ్ఞులు యోచించిన మార్గములలో అతిధ్వని యొకటి. సెకనుకు 20,000 కంపనములకు మించిన యీ ధ్వని మన చెవికందదు. దీనిని పుట్టించు యంత్రమును బావిలోనికి దింపి నడపినచో, ఆ యదురునకు చమురుబొట్లు కదలి యొకదానితో నొకటి కలియును, చమురు పలుచబడును, బావిచుట్టు రాతిరంధ్రములకు పట్టిన మైనమును బురదయు విడిపోవును. నీటితో చమురును త్రోయునపుడు అతిధ్వని తోడైనచో నెక్కువ చమురు వెలువడునని డూహన్, క్యాంబెల్ అనువారు ప్రయోగశాలలో పరీక్షించి 1965 లో ప్రకటించిరి.

అయినను దీనిని మంత్రముగా నెంచరాదు. కంపనములెంత వడిగా నున్న నంత త్వరగా నవి రాతిలో నణగిపోవును. బావికి కొలదిదూరముననే వాని శక్తి క్షీణించును. కనుక పూడిన బావిని బాగుచేయుట కిది తగిన సాధనమే గాని, క్షేత్రమంతటిని పిండగలది కాదు. అమ్మువారి మాట నమ్మి యంత్రములను కొనుటయు నవివేకమే. పరీక్షింపకయే త్రోసివేయుటయు నవివేకమే.

పాత క్షేత్రములనుండి యధికముగ చమురును తీయు పద్ధతులకు ప్రోత్సాహమొసంగు విధానమును కేంద్రప్రభుత్వము 2018 లోనే యామోదించినది. గుజరాతున 1960 లో చమురు పడిన అంకలేశ్వరము కలదు. మన గోదావరీతీరమునను బావులు కలవు. పోలికగల రెండు పాతబావులను గైకొని, ఒకదానికి అతిధ్వనిని ప్రయోగించి, రెండవదానిని యథాతథముగ నుంచి, సంవత్సరకాలము లెక్క వ్రాయవలెను. వ్యయమైన విద్యుత్తును గూడ నందు చేర్చవలెను. ఫలితము లాభమైనను నష్టమైనను దాచక ప్రకటింపవలెను. భూగర్భసంపద ప్రజలది, దాని లెక్కయు ప్రజలదే గదా!